సంచార సామ్రాజ్యాలు పట్టుదారిని నడిపాయా, పిండుకున్నాయా? లెక్కలతో సహా ఎవరైనా చెబుతారా

దారిదీపం (ప్రశ్న)

పట్టుదారి గురించి తెలుగులో ఏది తిరగేసినా అదే బొమ్మ. ఈ కొసన చైనా, ఆ కొసన రోము, నడుమ ఎడారి. గుర్రాల మీద తిరిగే జాతులు ఒక పేజీలో దోపిడీ దొంగలుగా ఉంటాయి, ఇంకో పేజీలో దారికి కాపలాగా ఉంటాయి. రెండింటికీ పొత్తు కుదరడం లేదు. నాకు తేలాల్సినవి మూడు.

గుడారాల్లో బతికే వాళ్లకి అంతంత పట్టు ఎందుకు? తీసుకున్నది ఏం చేసేవాళ్లు?

లిపులు, మతాలు, చేతిపనులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయింది సైన్యాల వెంటా, వర్తకుల వెంటా?

మంగోలుల కాలంలో ఒక్క మనిషి సరుకుతో ఈ కొస నుంచి ఆ కొస దాకా నిజంగా వెళ్లగలిగేవాడా? వెళితే ఎన్ని రోజులు, ఏ బండి, ఏ జంతువు?

"సంస్కృతుల సంగమం" లాంటి మాటలు చాలా చదివాను. పనితీరు కావాలి. ఎవరు ఎవరికి ఏమిచ్చారు, ఎక్కడ బెడిసింది, ఎందుకు బెడిసింది అన్నది చెప్పండి.

---

పట్టుతాను

దారిదీపం గారూ, మొదటి దానికి నేను రాస్తాను. మిగతావి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

చైనాకి ఉత్తరాన పచ్చిక మైదానాల్లో (స్టెప్పీ) గుర్రాల మీద తిరిగిన షియోంగ్నూలతో మొదలుపెడదాం. క్రీ.పూ. 209లో మోడు వాళ్లకి అధిపతి అయ్యాడు. అధిపతిని వాళ్లు షాన్యు అంటారు. క్రీ.పూ. 200లో బైడెంగ్ దగ్గర చైనాని ఏలిన హాన్ వంశ స్థాపకుడు గావ్‌జూనే చుట్టుముట్టాడు. చక్రవర్తి ఎలాగో బయటపడ్డాడు గానీ, రెండేళ్లకల్లా ఒప్పందానికి దిగక తప్పలేదు. రాజకుటుంబపు పిల్లని ఇవ్వాలి, ఏటా ఇంత పట్టు, ఇంత ధాన్యం, ఇంత మద్యం పంపాలి. హాన్ ఆస్థానం దీనికి పెట్టుకున్న పేరు "సామరస్య వియ్యం". ఇచ్చేవాడు కానుక అన్నాడు, పుచ్చుకునేవాడు కప్పం అనుకున్నాడు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. షియోంగ్నూలు బలంగా ఉన్నప్పుడు ఎక్కువ పట్టు వచ్చి, లొంగాక తగ్గి ఉంటుందనుకుంటారు. జరిగింది తిరగబడి ఉంది. వాళ్లలో వాళ్లు చీలిపోయి, హుహాన్యే షాన్యు క్రీ.పూ. 51లో స్వయంగా హాన్ ఆస్థానానికి వచ్చి తల వంచాడు. ఆ ఏడు అతనికి దక్కినవి 77 జతల దుస్తులు, 8,000 తానుల పట్టు, 6,000 జిన్ల పట్టుదూది. యాభై ఏళ్లు గడిచి క్రీ.పూ. 1లో అప్పటి షాన్యు వచ్చినప్పుడు 370 జతలు, 30,000 తానులు, 30,000 జిన్లు ముట్టాయి. హాన్ కాలపు జిన్ మన పావు కిలోకి కాస్త అటూ ఇటూ. అంటే పట్టుదూదే ఏడున్నర టన్నులు. తాను అంటే ఆ రోజుల్లో అరమీటరు పన్నా, తొమ్మిది మీటర్ల పైచిలుకు పొడుగు. 30,000 తానులు పరిస్తే 270 కిలోమీటర్లు దాటుతుంది. ఒక గుడారం కట్టుకోగలిగింది కాదది.

మరి ఏం చేసేవాడు? పంచేవాడు. షాన్యుకి పన్నులు వసూలు చేసే యంత్రాంగం లేదు, ధాన్యపు కొట్లు లేవు. కింద ఉన్న తెగల పెద్దలకి గుర్రాలున్నాయి, విల్లులున్నాయి, నచ్చకపోతే రాత్రికి రాత్రి మంద తోలుకుని ఇంకో అధిపతి దగ్గరికి పోతారు. వాళ్లని పట్టి ఉంచేది పంపకమే. పట్టు దానికి అచ్చంగా సరిపోతుంది. తేలిక, కుళ్లదు, కోసి పంచవచ్చు, ఒంటిమీద వేసుకుంటే ఎవరి మనిషో తెలుస్తుంది. పంచగా మిగిలింది పడమటికి సాగి గాజు, ఉన్ని, వెండి రూపంలో తిరిగొచ్చేది.

ఉత్తర మంగోలియాలో షియోంగ్నూ పెద్దల నోయిన్ ఉలా సమాధులు చూడండి. 1924-25లో తవ్వారు. ఆరో దిబ్బలో చైనా లక్క గిన్నె ఒకటి దొరికింది, దానిమీద తయారైన ఏడు రాసి ఉంది, లెక్క కడితే క్రీ.పూ. 2. అవే సమాధుల్లో చైనా పట్టు, దాంతోపాటు పడమటి పనితనమున్న ఉన్ని బట్టలు. వర్తకానికి రెండు కొసలూ ఒకే గోతిలో ఉన్నాయి. అక్కడికి తెచ్చింది గొలుసు నడుమ ఉన్న సంచారులే.

ఇక గుర్రాలు. పట్టుకి ఎదురు తూగింది అదే. చైనాలో గుర్రాలు పెంచలేకపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు, నేల. పచ్చిక బయలుకి వదిలిన ప్రతి చెలకా పంటకి పోయిన చెలక. టాంగ్ వంశం దీన్ని కొన్నాళ్లు గెలిచింది. వాయవ్యాన లోంగ్‌యో సర్కారీ బీళ్లలో 7వ శతాబ్దపు నడిమికి 7,06,000 గుర్రాలు లెక్కకొచ్చాయి. 755లో సేనాని ఆన్ లూషాన్ తిరుగుబాటు వచ్చింది, సరిహద్దు దండులని లోపలికి లాగారు, ఆ సందులో 763 నాటికి టిబెట్ వాళ్లు ఆ బీళ్లన్నీ ఆక్రమించారు. గుర్రాలు పుట్టే చోటే పోయింది.

రాజధానులు తిరిగి దక్కడానికి సాయం చేసింది ఉత్తరాన స్టెప్పీ ఏలుతున్న ఉయ్ఘుర్ల రౌతుదళం. అందుకు ప్రతిఫలంగా 757 నుంచి ఏటా 20,000 తానులు, అది కాక గుర్రాల బేరం వేరే. ఒక గుర్రానికి 40 తానులు. బేరం బిగుసుకున్న కొద్దీ రెండు పక్కలా నాణ్యత చచ్చింది. ఉయ్ఘుర్లు బక్కచిక్కిన గుర్రాలని వేలకి వేలు తోలుకొచ్చి తీరా కొనమని కూర్చునేవాళ్లు. టాంగ్ ఖజానా నేత పలచన చేసి, పొడుగు కత్తిరించి, తాను లెక్కకి మాత్రం సరిపెట్టేది. కవి బై జూయీ ఈ పలచని నేత సంగతి, ఆ నేతగత్తెల కష్టం పద్యంలో పెట్టాడు. ఆయన చెప్పిన రేటు గుర్రానికి 50 తానులు. కొలత తగ్గిస్తే ధర పెరగక ఏమవుతుంది!

---

సార్థవాహ

పట్టుతాను గారు "పడమటికి సాగి" అని ఒక్క మాటలో దాటేశారు. రెండో ప్రశ్నకి జవాబంతా ఆ మాటలోనే ఉంది కాబట్టి నేను అక్కడ ఆగుతాను.

సాగించింది ఎక్కువగా సోగ్దులు. సమర్‌ఖండ్, బుఖారా, పంజికెంట్ వాళ్ల ఊళ్లు. వాళ్లకి సామ్రాజ్యమంటూ ఎప్పుడూ లేదు. ఇరానీ కుటుంబపు భాష, దాని లిపి అరమాయిక్ నుంచి దిగింది. సైన్యాల వెంటా, వర్తకుల వెంటా అని అడిగారు. సైన్యం ఉన్నవాడికి వర్తకుడు కావాలి, వర్తకుడికి సైన్యం ఉన్నవాడు కావాలి. ఇద్దరూ ఒకే గుడారంలో కూర్చున్నప్పుడే ఏదైనా కదిలింది.

దగ్గరగా చూడాలంటే సోగ్దుల పాత ఉత్తరాలు. 1907లో ఆరెల్ స్టైన్ చైనా పడమటి అంచున ఉన్న దున్‌హువాంగ్‌కి పడమట ఒక కావలి బురుజు శిథిలంలో తీశాడు. దాదాపు చెక్కుచెదరనివి ఐదు. కాగితం మీద రాసి మడిచినవి. అందులో రెండో ఉత్తరానికి పట్టు సంచి, దానిపైన ముతక గుడ్డ, ఆ గుడ్డ మీద చిరునామా సమర్‌ఖండ్‌కి. క్రీ.శ. 313 ప్రాంతంలో రాసినవి. అప్పటికి రెండేళ్ల క్రితమే షియోంగ్నూలు చైనా రాజధాని లుయోయాంగ్‌ని కొల్లగొట్టారు. ఉత్తరం రాసినవాడు ఆ సంగతే యజమానికి చేరవేస్తున్నాడు. నగరం తగలబడింది, చక్రవర్తి పారిపోయాడు, లోపలి ఊళ్లలో మనవాళ్ల కబురు లేదు. కొల్లగొట్టినవాళ్లని "హూణులు" అన్నాడు. షియోంగ్నూలూ హూణులూ ఒకరేనా అన్న చర్చలో ఈ ఒక్క మాటకి చాలా బరువుంది. అదే ఉత్తరంలో 32 కస్తూరి సంచుల లెక్క కూడా ఉంది. రాజధాని కూలినా కస్తూరి లెక్క తప్పలేదు. ఇంకో ఉత్తరం మివ్నాయ్ అనే ఇల్లాలిది. భర్త దున్‌హువాంగ్‌లో వదిలిపోయాడు, బిడారుతో పుట్టింటికి పోదామంటే తీసుకెళ్లే దిక్కులేదు. పట్టుదారి అనగానే సంపన్నుల ఊరేగింపు తలచుకునేవాళ్లు ఆ ఉత్తరం ఒకసారి చదవాలి.

బిడారు నాయకుణ్ణి సోగ్దులు "సార్తపావ్" అనేవాళ్లు. ఇది మన సార్థవాహుడే, బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) భాష గుండా వాళ్ల నోట్లో పడింది. చైనా ఆస్థానం ఆ మాటని "సాబావ్" చేసి, పరదేశి వర్తకుల పెద్దకి ఇచ్చే ప్రభుత్వ పదవిగా మార్చేసింది. షియాన్‌లో 2000లో ఒక సాబావ్ సమాధి బయటపడింది, పేరు ఆన్ జియా, చనిపోయింది 579లో. రాతి మంచం పలకల మీద గుడారంలో సోగ్దు, జుట్టు విరబోసుకున్న తుర్కు నాయకుడు ఎదురెదురుగా కూర్చున్నారు. మూడేళ్లకి దొరికిన విర్కాక్ సమాధిలో చైనా భాష, సోగ్దు భాష రెండింటా శాసనం. చైనాలో పదవి వెలగబెట్టినవాడు సమాధి మీద చెక్కించుకోవాలనుకున్నది ఆ గుడారపు కొలువు. వ్యాపారం ఎక్కడ పుట్టిందో వాళ్లకి తెలుసు.

ఈ పొత్తు ఎంతవరకు పోయిందంటే, 552లో తుర్కులు అంతకుముందు స్టెప్పీని ఏలిన రౌరాన్లని కూలదోశాక చైనా నుంచి పట్టు వరదలా వచ్చింది. ఉత్తరాన ఒక్క ఝోవు రాజ్యమే ఏటా లక్ష తానులు ఇచ్చేది. అమ్ముకోవాలంటే దారి ససానియన్ పర్షియా గుండా. పశ్చిమ తుర్కుల నాయకుడు ఇస్తామి మనియాక్ అనే సోగ్దుని పర్షియా పంపాడు. ఖుస్రో చక్రవర్తి ఆ పట్టుని డబ్బిచ్చి కొని, దూతల కళ్లముందే తగలబెట్టించాడు. మీ సరుకు మాకక్కర్లేదు, మీరు మా నేల తొక్కొద్దు అని చెప్పడం. రెండోసారి వెళ్లిన దూతల్లో చాలామంది తిరిగి రాలేదు, విషం పెట్టారని తుర్కుల అనుమానం. అప్పుడు మనియాక్ కాకసస్ దాటి 568లో కాన్‌స్టాంటినోపుల్‌లో రోమన్ చక్రవర్తి రెండో జస్టిన్ ముందు నిలబడ్డాడు. మరుసటి ఏడు రోమన్ దూత జెమార్కస్ అతని వెంట తుర్కుల కొలువుకి వెళ్లాడు. పర్షియాని పక్కకి నెట్టి స్టెప్పీ మీదుగా దారి వేద్దామన్నది ఒక వర్తకుడి ఆలోచన, దాన్ని నడిపింది కాగాన్ (తుర్కుల చక్రవర్తి) బలం.

లిపి సంగతి. తుర్కుల తొలి రాజశాసనం బుగుత్ దగ్గర నిలబెట్టారు, 6వ శతాబ్దం చివర్లో. అది తుర్కు భాషలో లేదు, సోగ్దులో ఉంది. కొలువులో రాయడం వచ్చినవాళ్లు సోగ్దులే మరి. సోగ్దు అక్షరాలని ఉయ్ఘుర్లు తీసుకున్నారు. 1204లో చింగిజ్ ఖాన్ నైమన్లనే స్టెప్పీ తెగని ఓడించినప్పుడు వాళ్ల ముద్ర పట్టుకున్న తాతాతుంగా అనే ఉయ్ఘుర్ లేఖకుడు దొరికాడు. అతని చేత రాకుమారులకి చదువు చెప్పించాడు. మంగోలు లిపి అదే. 1599లో ఈశాన్య చైనా వైపు మంచూలు దాన్నే తమ భాషకి దిద్దుకున్నారు. పడమట అడ్డంగా మొదలైన రాత తూర్పున నిలువుగా నిలబడింది.

దీనితో ఇబ్బంది కూడా వెంటే వచ్చింది. ఆ అక్షరాలు పుట్టింది వేరే కుటుంబపు భాషకి. మంగోలులో ఒ-ఉ, త-ద లాంటి జంటలకి చాలాచోట్ల ఒకే గుర్తు, పదం తెలిసినవాడే సరిగ్గా చదవగలడు. చింగిజ్ మనవడు కుబ్లాయ్ 1269లో టిబెట్ భిక్షువు ఫగ్స్‌పా చేత ఏ ధ్వనికి ఆ గుర్తు ఉన్న కొత్త లిపి చేయించాడు. ముద్రల మీద, శాసనాల మీద వాడారు. జనం మాత్రం అలవాటైన పాతదే రాసుకున్నారు. మంచూలు 1632లో పక్కన చుక్కలు, సున్నాలు పెట్టి ఆ తికమక తీర్చుకున్నారు. కొత్త లిపి కంటే చుక్క చవక.

మతానికీ ఇదే దారి. లుయోయాంగ్‌లో బౌద్ధ గ్రంథాలని మొదట చైనా భాషలోకి దించినవాళ్లలో ఆన్ షిగావ్ పార్థియావాడు, 148లో వచ్చాడు. తర్వాతి తరపు లోకక్షేముడు యుయేజీ, అంటే బాక్ట్రియాలో స్థిరపడిన ఒకప్పటి సంచార జాతివాడు. ఉయ్ఘుర్ల బోగు కాగాన్ 762-63లో పర్షియా వైపు పుట్టిన మానీ మతం పుచ్చుకున్నాడు, బోధించినవాళ్లు సోగ్దులు. టాంగ్ నీడ పడని మతం ఒకటి కావాలనుకున్నాడని నా అంచనా.

---

దారిదీపం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఖుస్రో పట్టు తగలబెట్టించిన సంగతి నాకు కొత్త.

అయితే ఇంకో సందేహం. పై రెండు జవాబుల్లోనూ రాసింది సోగ్దులు, నేసింది చైనావాళ్లు, అనువదించింది పార్థియావాళ్లు. సంచారులు డబ్బు, రక్షణ ఇచ్చారంతే. వాళ్ల అభిరుచి అంటూ ఎక్కడైనా కనిపిస్తుందా? ఏది తీసుకోవాలో, ఏది వద్దో వాళ్లే ఎంచుకున్న దాఖలా ఉందా?

---

బొమ్మబొరుసు

ఉంది, అరచేతిలో పట్టేంత. కనిష్కుడి బంగారు నాణెం తీసుకోండి. బరువు 8 గ్రాములకి దగ్గర, తొలినాటి రోమన్ బంగారు నాణెం ఆరియస్ తూకానికి సరిపోతుంది. కుషాణులు యుయేజీల వాళ్లే, షియోంగ్నూలు తరిమితే గుర్రాల మీద పడమటికి వచ్చి బాక్ట్రియాలో దిగినవాళ్లు. కనిష్కుడి నాటికి ఆ వలస జరిగి 250 ఏళ్లు దాటింది. అప్పటికే నగరాలు, కాలువలు, గుళ్లు ఏలుతున్నారు.

బొమ్మ పక్క రాజు నిలబడి ఉంటాడు. మోకాళ్ల కిందికి జారే దళసరి కోటు, షరాయి, పాదం బయటికి తిప్పిన బూట్లు. ఎడమచేతిలో బల్లెం, కుడిచెయ్యి చిన్న అగ్నివేదిక మీద. ఆ ఎండల్లో ఆ కోటు ఎవరూ అవసరానికి తొడగరు. మథుర దగ్గర దొరికిన తల లేని కనిష్క విగ్రహానికీ అవే బూట్లు. మేం ఎక్కడివాళ్లమో మరిచిపోవద్దు అని రాజే చెక్కించుకున్నాడు.

అంచున అక్షరాలు గ్రీకువి. మొదటి నాణేల మీద భాష కూడా గ్రీకే. కొద్దికాలానికే భాషని బాక్ట్రియన్‌కి మార్చి, అక్షరాలు మాత్రం ఉంచేశాడు. "ష" ధ్వని గ్రీకులో లేదు కాబట్టి దానికి ఒక కొత్త గుర్తు చేర్చారు. చదివితే "షావొనానొషావొ కనేష్కి కోషానొ", అంటే రాజులకు రాజు, కుషాణుడు కనిష్కుడు. బిరుదు ఇరానీ పద్ధతిది. ఈ భాష మార్పు సంగతి 1993లో బయటపడ్డ రబాతక్ శాసనంలోనూ ఉంది.

బొరుసు పక్క దేవతలు. నానా, మిత్రుడు, చంద్రుడు, అగ్ని, శివుణ్ణి పోలిన ఒయేషో, కొన్నింటి మీద "బొద్దొ" అన్న పేరుతో బుద్ధుడు. ఎవరి దేవుడు వాళ్లకి కనిపిస్తాడు, బొమ్మ పక్క మాత్రం కోటు మారదు. దీన్ని కలగాపులగం అనేవాళ్లున్నారు, నేనొప్పుకోను. తూకం రోము నుంచి, అక్షరం గ్రీకు నుంచి, బిరుదు ఇరాన్ నుంచి, ఉడుపు స్టెప్పీ నుంచి. ఏది ఎక్కడ వాడాలో చాలా లెక్కగా ఎంచుకున్నారు.

---

అంచెగుర్రం

అభిరుచి అంటే మంగోలులని మించిన ఉదాహరణ లేదు. మూడో ప్రశ్న కూడా ఇందులోనే వచ్చేస్తుంది.

వాళ్లకి అన్నిటికంటే ఇష్టమైన సరుకు నసీజ్, అంటే బంగారు జరీ నేసిన పట్టు. కొనడం దగ్గర ఆగలేదు, నేసేవాళ్లనే ఊళ్లకి ఊళ్లు కదిలించారు. చైనా ఉత్తరాన షున్‌మాలిన్ అనే ఊళ్లో ఎక్కువమంది సమర్‌ఖండ్ వాళ్లు. హోంగ్‌ఝౌలో పడమటి జరీ నేతగాళ్లు 300 కుటుంబాలు, చైనా ఉన్ని నేతగాళ్లు 300 కుటుంబాలు పక్కపక్కన మగ్గాలు వేశారు. వీళ్లెవరూ కోరి వచ్చినవాళ్లు కారు, యుద్ధంలో చిక్కినవాళ్లు. నగరం పడినప్పుడు చేతిపనివాళ్లని వేరుచేసి ప్రాణాలతో ఉంచడం మంగోలుల పద్ధతి. ఇచ్చిపుచ్చుకోవడం అని రాసేటప్పుడు ఈ మాట మింగేయకూడదు.

రోడ్డు ఎలా పనిచేసిందంటే, అంచెల మీద. చింగిజ్ కొడుకు ఓగెదేయ్ 1234లో దాన్ని సామ్రాజ్యమంతటా ఏర్పాటు చేశాడు. మజిలీకీ మజిలీకీ సుమారు ఒక రోజు ప్రయాణం. మెడలో పైజా ఉన్నవాడికి గుర్రం, మేత, తిండి, పడక. పైజా అంటే లోహపు పరవానా పలక. మంగోలులు చైనాని ఏలిన యువాన్ కాలంలో చైనాలోనే 1,400 మజిలీలు. గుర్రాలు పెట్టాల్సింది చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. బెడిసింది ఇక్కడే. ఖాన్ల దగ్గర డబ్బు తీసుకుని వ్యాపారం చేసే ఓర్తోగ్ వర్తకులకి కూడా పైజాలు పంచారు. సొంత సరుకుని అంచె గుర్రాల మీద ఎక్కించుకుని తిరిగారు, ఊళ్లు చితికిపోయాయి. మోంకే ఖాన్ గద్దెనెక్కాక ఆ పలకలు వెనక్కి తీసుకుని, వర్తకులు అంచె గుర్రం ఎక్కకూడదని ఆపేశాడు. అదే మోంకే, తనకి ముందు ఖాన్ గుయుక్ వర్తకులకి బాకీపడ్డ ఐదు లక్షల పైచిలుకు వెండి బాలిష్‌లు (కడ్డీలు) మాత్రం ఖజానా నుంచి తీర్చాడు. బాకీ ఎగ్గొడితే రేపు సరుకు రాదని అతనికి తెలుసు.

ఇక ఒక్క మనిషి ఆ కొస నుంచి ఈ కొస దాకా. 1340 ప్రాంతంలో ఫ్లోరెన్సు వాడు పెగొలొట్టి రాసిన వర్తకుల కరదీపికలో మజిలీ లెక్క ఉంది. నల్లసముద్రానికి ఈశాన్యాన అజోవ్ సముద్రపు ఒడ్డున తానా రేవు నుంచి అస్త్రఖాన్‌కి ఎద్దుబండి మీద 25 రోజులు, గుర్రబండి అయితే 10-12. అక్కణ్ణించి సరాయికి నీటిమీద ఒక రోజు. సరాయి నుంచి సరాయ్‌చిక్‌కి నీటిమీద 8. ఉర్గెంచ్‌కి ఒంటెబండి మీద 20. ఒత్రార్‌కి ఒంటెబండి మీద 35 నుంచి 40. అల్మాలిక్‌కి పెరిక గాడిదల మీద 45. గాంఝౌకి మళ్లీ గాడిదల మీద 70. తర్వాత గుర్రం మీద 45 రోజులు పోతే ఒక నది, దాని వెంట హాంగ్‌ఝౌ. అక్కణ్ణించి ఖాన్‌బాలిక్‌కి, అంటే ఇప్పటి బీజింగ్‌కి 30. ఎక్కడా ఆగకపోతేనే తొమ్మిది నెలలు పైమాట.

సలహాలు కూడా అంతే కచ్చితం. గడ్డం పెంచుకో, గీయకు. తానాలో దుబాసీని పెట్టుకునేటప్పుడు జీతం దగ్గర పిసినారితనం చూపకు, చెడ్డ దుబాసీ పెట్టే నష్టం మంచివాడి జీతం కంటే ఎక్కువ. కుమాన్ భాష (స్టెప్పీలో నడిచే తుర్కు భాష) వచ్చిన నౌకర్లు కనీసం ఇద్దరు. అస్త్రఖాన్ దాకా 25 రోజులకి పిండి, ఉప్పుచేప మూటగట్టుకో, మాంసం దారిలో దొరుకుతుంది. నారబట్టలు ఉర్గెంచ్ దాకా తీసుకుపోయి అక్కడ అమ్మి వెండికడ్డీలు కొను. చైనాలో ఆ వెండి దొర తీసుకుని ముద్ర వేసిన పసుపు కాగితం ఇస్తాడు, దాంతో ఏదైనా కొనుక్కోవచ్చు.

దారి పగలూ రాత్రీ భద్రమే అంటాడు, రెండు మినహాయింపులతో. వర్తకుడు దారిలో చచ్చిపోతే సరుకు ఆ నేల దొరకి పోతుంది. తోడబుట్టినవాడో, అలా చెప్పుకోగల జత వర్తకుడో వెంట ఉంటే అతని చేతికిస్తారు. ఒక ఖాన్ చచ్చి ఇంకొకడు గద్దెనెక్కే లోపు మాత్రం పరదేశులకి రక్షణ లేదు. ఆ భద్రత ఎంతసేపూ ఒక మనిషి ప్రాణం మీద నిలబడినది.

కాగితం డబ్బు ముచ్చట ఇంకొకటి. ఇరాన్‌ని ఏలిన మంగోలు ఖాన్ గయ్‌ఖాతూ ఖజానా ఖాళీ చేసుకుని 1294లో తబ్రీజ్‌లో చైనా మాదిరి నోట్లు అచ్చువేయించాడు, పేరు కూడా చైనాదే, "చావ్". తీసుకోనివాడికి మరణదండన. బజారు మూతపడింది, తిండి దొరకలేదు, సుమారు రెండు నెలల్లో వెనక్కి తీసుకున్నారు. కుబ్లాయ్ 1260లో నోటు తెచ్చినప్పుడు వెనక వెండి నిల్వ ఉంది, పన్నులకి అదే నోటు తిరిగి తీసుకునేవాడు. తబ్రీజ్ వాళ్లు కాగితం, ముద్ర, పేరు తెచ్చుకున్నారు, ఆ రెండూ తెచ్చుకోలేదు.

---

పట్టుతాను

అంచెగుర్రం గారి జవాబుకి ఒక చేర్పు, లేకపోతే "మంగోలు శాంతి" అన్న మాట మళ్లీ పాతుకుపోతుంది. 1262 నుంచే వోల్గా వైపు మంగోలు ఖాన్ బెర్కే, ఇరాన్‌లోని మంగోలు ఖాన్ హులాగు కాకసస్‌లో కొట్టుకున్నారు. మధ్య ఆసియాలో ఓగెదేయ్ మనవడు కైదూ 1301లో పోయేదాకా కుబ్లాయ్ వంశంతో తగవే. అందరూ సంధికి వచ్చింది 1304లో. మార్కో పోలో కుటుంబం తిరుగు ప్రయాణంలో సముద్రం పట్టింది అందుకే, వాళ్లు తోడు వెళ్లిన రాకుమారి పెళ్లిబృందం నేలదారిన బయల్దేరి యుద్ధం వల్ల వెనక్కి మళ్లింది. పెగొలొట్టి చెప్పిన దారి అంత నున్నగా సాగింది 1304 తర్వాత నాలుగు దశాబ్దాల లోపే.

ఆ దారి మీద వచ్చినవన్నీ సరుకులు కావు. ఇస్సిక్ కుల్ సరస్సు ఛాయల్లో కరా జిగాచ్, బురానా అనే రెండు క్రైస్తవ శ్మశానాల్లో తేదీ ఉన్న సిరియాక్ సమాధిరాళ్లు 467. అందులో 118 రాళ్లు 1338-39 అనే రెండేళ్లవే. కొన్నింటి మీద చావుకి కారణం "మహమ్మారి" అని చెక్కారు. 2022లో అక్కడి పళ్లలో ప్లేగు క్రిమి డీఎన్ఏ దొరికింది. వర్తకం మీద బతికిన ఊరు అది, సమాధుల్లో ముత్యాలూ గవ్వలూ ఉన్నాయి.

---

దారిదీపం

చాలా స్పష్టంగా ఉంది. ఆఖరి ప్రశ్న. నసీజ్ ముక్క ఫొటో చూసి తూర్పు నేతో పడమటి నేతో చెప్పవచ్చా?

---

అంచెగుర్రం

ఫొటోలో బొమ్మలు చూసి చెబితే మోసపోతారు. జరీ పోగు చూడాలి. పూత రాలిన చోట భూతద్దం కింద బంగారం దేనికి అంటించారో తెలుస్తుంది. సాధారణంగా కాగితపు పట్టీ అయితే చైనా అలవాటు, తోలు లేదా జంతువు పొర అయితే ఎక్కువగా మధ్య ఆసియా, పడమటి అలవాటు. తర్వాత ఆ పట్టీని చదునుగానే నేశారా, దారం చుట్టూ చుట్టి నేశారా చూడండి. మంగోలుల కాలపు గుడ్డల్లో ఇవి కలిసిపోతాయి, హోంగ్‌ఝౌ లాంటి చోట్ల మగ్గాలు పక్కపక్కనే ఉన్నాయి కదా. కాబట్టి ఒక్క గుర్తుతో తేల్చకండి, పట్టీ, చుట్టు, నేత మూడూ ఒకే వైపు చూపితేనే చెప్పండి.

సాధనకి క్లీవ్‌లాండ్ మ్యూజియంలోని రెక్కల సింహాల జరీబట్ట మంచిది, 13వ శతాబ్దపు నడిమిది. గుండ్రాల్లో జంట సింహాలు, గుండ్రాల నడుమ గద్దతల సింహాలు, ఇవి ఇరానీ పోకడ. సింహాల రెక్కల, తోకల కొసలు చూస్తే మాత్రం చైనా మేఘాల్లా మెలి తిరిగి ఉంటాయి. ఫొటోని పెద్దది చేసుకుని ముందు ఆ తోక కొస దగ్గర మొదలుపెట్టండి.